థైరాయిడ్ క్యాంపు మనకొద్దు, పసిబిడ్డల పరీక్ష కావాలి



ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నాను, ఏమనుకోకండి. మొన్న సమావేశంలో నాకిచ్చింది ఐదు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు మైకు పలకలేదు. పలికిన రెండు నిమిషాల్లో నేను చెప్పింది సగమే వినపడి, "వీడు ఉచిత వైద్యానికి అడ్డు పడుతున్నాడు" అని ఊరంతా పాకింది. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు మొదటినుంచి చదవండి. లేనివాళ్ళు చివర్లో ఉన్న నాలుగు కోరికలైనా చదవండి.

సంగతి ఏమిటంటే, వార్షికోత్సవం రోజున మన సంఘం తరఫున మెగా ఆరోగ్య శిబిరం పెట్టాలని కమిటీ అనుకుంటోంది. బయటినుంచి ఒక ల్యాబు వస్తుంది. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ రక్తం తీస్తారు. అందులో పెద్ద ఆకర్షణ థైరాయిడ్ పరీక్ష, అదీ ఉచితం. షామియానా, భోజనాలు, బ్యానర్లు, మిగతా పరీక్షల ఖర్చు సంఘానిది. నేను లేచి థైరాయిడ్ పరీక్ష వద్దన్నాను. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన నవ్వుతూ, "నీది మందుల షాపే కదయ్యా, మాత్రలు ఇంకా ఎక్కువ అమ్ముడుపోతాయి, నీకు నష్టమేముంది?" అన్నారు.

అయ్యా, సరిగ్గా అందుకే వద్దన్నాను. ముదగల్‌లో ఇన్నేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను. శిబిరం అయిపోయి షామియానా విప్పేశాక ఏం జరుగుతుందో మీకు కనపడదు, నాకు కనపడుతుంది. మరుసటి వారం నుంచి ఒక్కొక్కరే రిపోర్టు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు, కింద ఎర్ర గీత. "తమ్ముడూ, నాకు థైరాయిడ్ వచ్చిందంట, జీవితాంతం మాత్ర వేసుకోవాలంట." వాళ్ళ ముఖంలో భయం. నా గల్లాలో డబ్బు. ఆ డబ్బు నాకు చేదుగా ఉంటుందని ఈరోజు బహిరంగంగా చెప్తున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది మా ఇంటి సంగతి, చెప్పాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను.

మా అక్కను సింధనూరు వైపు క్యాంపులో ఇచ్చాం. ఆమె మనవరాలు ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పుట్టింది. కాన్పు సులువుగా జరిగింది, బిడ్డ బరువు బాగుంది, అందరూ సంతోషించారు. పచ్చకామెర్లు కొంచెం ఎక్కువ రోజులు ఉన్నాయి, "ఎండలో చూపించండి, పోతాయి" అన్నారు. మలబద్ధకం ఉంది, "పాలు తాగే పిల్లకు మామూలే" అన్నారు. బిడ్డ ఏడ్చేది కాదు. రోజంతా నిద్రపోయేది. పొలం పనులకు వెళ్ళే ఇంట్లో అలాంటి బిడ్డ పుడితే అదృష్టం అనుకుంటారు. మా అక్క ఫోన్లో, "ఎంత బుద్ధిమంతురాలో తెలుసా, అసలు ఏడవనే ఏడవదు" అని మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. మందుల షాపులో ఉండి కూడా నాకు తట్టలేదు.

పది నెలలు వచ్చినా బిడ్డ కూర్చోలేదు. నాలుక బయటికి ఉండేది, గొంతు బొంగురుగా ఉండేది. అప్పుడు పట్నం తీసుకెళితే ఒక డాక్టరమ్మ చూడగానే రక్తం తీయించింది. పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదు. ఆ రోజే మాత్ర మొదలుపెట్టారు. బిడ్డ ఎదిగింది, నడిచింది, మాట వచ్చింది. కానీ పోయిన పది నెలలు తిరిగి రాలేదు. ఇప్పుడు బడికి వెళ్తోంది, తనకన్నా చిన్నపిల్లలతో కూర్చుంటోంది. మాట కోసం వెతుక్కుంటుంది.

ఒకరోజు మా అక్క షాపుకు వచ్చి, ఆ మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుని అడిగింది: "ఏరా, ఇది నీ షాపులోనే ఉంది కదరా, ఇన్నేళ్ళనుంచీ?"

జవాబు లేదు నా దగ్గర. ఈ పోస్టు ఆ ప్రశ్నకు జవాబు అనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెండుచోట్లా పరీక్ష ఒకటే, టీఎస్‌హెచ్. రెండుచోట్లా మాత్ర ఒకటే, థైరాక్సిన్. అక్కర్లేని పెద్దవాళ్ళకు షామియానా వేసి, పిలిచి, భోజనం పెట్టి మరీ చేస్తున్నాం. ప్రాణంతో సమానంగా అవసరమైన పసిబిడ్డకు చేయడం లేదు. నా పోట్లాటంతా దీని మీదే.

టీఎస్‌హెచ్ అంటే ఏమిటో తెలియకుండానే దానికి భయపడుతున్నాం కాబట్టి ముందు అది చెప్తాను. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. అది థైరాక్సిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. మెదడు కింద పిట్యూటరీ అని ఇంకో చిన్న గ్రంథి ఉంది. అది మేస్త్రీ లాంటిది. కింద పని మందగిస్తే మేస్త్రీ గొంతు పెంచుతాడు. ఆ గొంతే టీఎస్‌హెచ్. అంటే టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ మందగించి ఉండొచ్చు అని సూచన. సూచన మాత్రమే. మేస్త్రీలు ఊరికే అరిచే రోజులు కూడా ఉంటాయి కదా. టీఎస్‌హెచ్ రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. జబ్బుపడి కోలుకుంటున్నప్పుడు పెరుగుతుంది. వయసుతో పాటు కొంచెం పెరుగుతుంది. గర్భిణికి మొదటి నెలల్లో తగ్గుతుంది. ఒక్కసారి తీసిన ఒక్క అంకెను పట్టుకుని జీవితాంతపు జబ్బును నిర్ణయించడం, ఒక్కరోజు వర్షాన్ని చూసి ఏడాది పంటను లెక్కకట్టడం లాంటిది. దోఆబ్ రైతు బిడ్డలం, మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా?

ఇంకోటి వినండి. రిపోర్టులో పక్కన "నార్మల్ రేంజ్" అని ఉంటుంది. అది ఎలా వస్తుందో ఎప్పుడైనా అడిగారా? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను చాలామందిని తీసుకుని, వాళ్ళ అంకెలను వరుసగా పేర్చి, మధ్యలో ఉన్న 95 శాతాన్ని నార్మల్ అంటారు. పైన రెండున్నర శాతం, కింద రెండున్నర శాతం బయట ఉంటాయి. వాళ్ళూ ఆరోగ్యవంతులే! అంటే మన శిబిరానికి 300 మంది వచ్చి, ఆ 300 మందికీ ఏ జబ్బూ లేకపోయినా, ఏడెనిమిది మందికి టీఎస్‌హెచ్ "ఎక్కువ" అని నక్షత్రం గుర్తు పడుతుంది. అది జబ్బు కాదు, లెక్క పద్ధతి. ఆ ఏడెనిమిది మంది నా కౌంటర్ దగ్గరికి వస్తారు.

"మళ్ళీ పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది కదా" అంటారు. సరిపోతుంది. ఇజ్రాయెల్‌లో లక్షలమంది రిపోర్టులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి మందు వాడనివాళ్ళలో సగానికి పైగా మందికి తర్వాతి పరీక్షలో మామూలు అంకె వచ్చింది. మందు లేకుండానే. కానీ మన శిబిరంలో రెండో పరీక్ష ఎవరు చేస్తారు? ల్యాబు సాయంత్రానికి బండెక్కి వెళ్ళిపోతుంది. రెండు మూడు నెలల తర్వాత పిలిచి, టీఎస్‌హెచ్‌తో పాటు టీ4 కూడా చూసి, అప్పుడు డాక్టరు నిర్ణయించాలి. అది లేని శిబిరం విత్తనం చల్లి నీళ్ళు మరిచిపోయిన సేద్యం.

మన సంఘంలోనే ఒక పెద్దమ్మ ఉంది. పేరు చెప్పను. డెబ్బై దాటింది. ఎక్కడో ఒక శిబిరంలో టీఎస్‌హెచ్ ఆరు పైచిలుకు వచ్చిందని మాత్ర మొదలుపెట్టారు. రెండేళ్ళు వేసుకుంది. గుండె దడ, నిద్రలేమి, చేతుల వణుకు. దాంతో గుండెకు ఇంకో మాత్ర, నిద్రకు ఇంకో మాత్ర. చివరికి ఒక మంచి డాక్టరు అన్నీ చూసి, థైరాయిడ్ మాత్రను నెమ్మదిగా ఆపించి, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె దానంతటదే సరిగ్గా ఉంది. అలాంటి వయసులో అక్కర్లేని థైరాక్సిన్ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. ఇది నా మాట కాదు, వైద్య పుస్తకాల మాట.

ఈ ప్రశ్న మీదే యూరప్‌లో ఒక గట్టి పరిశోధన జరిగింది. 65 ఏళ్ళు దాటి, టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి, టీ4 మామూలుగా ఉన్న 737 మందిని తీసుకున్నారు. చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అసలు మాత్ర, రెండో గుంపుకు చూడటానికి అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఏడాది తర్వాత చూస్తే అసలు మాత్ర వేసుకున్నవాళ్ళ టీఎస్‌హెచ్ అంకె చక్కగా దిగింది. కానీ నీరసం తగ్గిందా? లేదు. థైరాయిడ్ లక్షణాలు తగ్గాయా? లేదు. రెండు గుంపులూ సమానం. ఇది 2017లో అచ్చయింది. అంటే మాత్ర కాగితం మీది అంకెను బాగుచేసింది, మనిషిని బాగుచేయలేదు. మనం వైద్యం చేసేది కాగితానికా, మనిషికా?

శిబిరం కరపత్రంలో ఇంకో వాక్యం ఉంది. "ప్రతి పదిమందిలో ఒకరికి థైరాయిడ్. మీకు తెలియకుండానే!" ఈ అంకె ఎక్కడిదో చెప్తాను. బెంగళూరు, హైదరాబాదు సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్ళను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉందన్నారు. నిజమే. కానీ అందులోనే ఇంకో అంకె ఉంది. ఆ 11లో ఏడున్నర శాతం మందికి తమకు థైరాయిడ్ ఉందని ముందే తెలుసు, వాళ్ళే చెప్పారు. కొత్తగా బయటపడింది మూడున్నర శాతం. అదనంగా మరో ఎనిమిది శాతం మందికి టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగి ఉంది, మనం పైన చెప్పుకున్న కోవలోది. అంతా ఒక్కసారి తీసిన రక్తం మీదే. ఇక ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది థైరాయిడ్ మాత్రలు తయారుచేసే కంపెనీ. డబ్బు పెట్టినంత మాత్రాన అబద్ధమని నేననను. కానీ "మీకు తెలియకుండానే" అన్న మాట ఆ కాగితాల్లో ఉన్నదానికి సరిగ్గా తలకిందులు. మూడింట రెండు వంతుల మందికి తెలుసు. కరపత్రం అచ్చు వేయించే ముందు మన కార్యదర్శిగారు ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు కొనేవాళ్ళు నా షాపుకు రోజూ వస్తారు. ఆ బయోటిన్ ఎక్కువ మోతాదులో రక్తంలో ఉంటే చాలా యంత్రాల్లో థైరాయిడ్ పరీక్ష తప్పు చూపిస్తుంది. టీఎస్‌హెచ్ లేనట్టు, టీ4 విపరీతంగా ఉన్నట్టు వస్తుంది. జబ్బు లేనివాళ్ళకు అతి థైరాయిడ్ ఉందని, ఉన్నవాళ్ళకు నయమైందని రిపోర్టు రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపమని వైద్యులు చెప్తారు. ఏ శిబిరంలోనైనా సూది గుచ్చేముందు "అమ్మా, బయోటిన్ వాడుతున్నావా?" అని అడగడం మీరు విన్నారా? నేను వినలేదు.

ఇక్కడ ఆగి ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ మాత్ర ఆపకండి! టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ ఉండి టీ4 తగ్గినవాళ్ళకు, గ్రంథి తీసేసినవాళ్ళకు, డాక్టరు చూసి మందు రాసిన గర్భిణులకు ఆ మాత్ర అమృతం. అనుమానం ఉంటే మీ డాక్టరునే అడగండి, మళ్ళీ పరీక్ష చేయించండి. లక్షణాలు ఉంటే, ఇంట్లో థైరాయిడ్ చరిత్ర ఉంటే, గర్భం నిలిస్తే పరీక్ష తప్పకుండా చేయించుకోండి. నేను పరీక్షకు వ్యతిరేకిని కాదు. ఎవరికి, ఎందుకు, తర్వాత ఏం చేస్తాం అన్న మూడు ప్రశ్నలు లేని పరీక్షకు వ్యతిరేకిని.

ఈ పరీక్ష పుట్టుక చూస్తే మనకే సిగ్గేస్తుంది. రక్తంలో హార్మోను ఎంత ఉందో కొలవడం ఒకప్పుడు అసాధ్యం. అది అంత తక్కువ ఉంటుంది. అమెరికాలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు 1950ల చివర్లో దానికి దారి కనిపెట్టారు. ముందు ఇన్సులిన్‌ను కొలిచారు. 1977లో యాలోకు నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికే చనిపోయారు. వాళ్ళు ఆ పద్ధతి మీద పేటెంట్ తీసుకోలేదు. అందరికీ అందాలనుకున్నారు. అలా పుట్టిన విద్యను మనం పండగ ఆఫరు చేశాం.

మన తెలుగువాళ్ళ సంగతే చూడండి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి గారు ఏం చేశారో ఎంతమందికి తెలుసు? తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరు అయినవారు, భారత వైద్య పరిశోధన మండలిని నడిపినవారు. 1956లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో, గొంతువాపు జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పట్టి ఉన్నచోట, లక్ష మంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపే ఏర్పాటు జరిగింది. ముందు లెక్కపెట్టారు, తర్వాత ఏళ్ళ తరబడి ఆగారు, మళ్ళీ లెక్కపెట్టారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపులు బాగా తగ్గాయి, తిననిచోట తగ్గలేదు. తర్వాత ఆ మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో దేశవ్యాప్త గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఈరోజు మన వంటింట్లో ఉన్న ఉప్పు పొట్లం వెనక ఆ శ్రీకాకుళం మనిషి శ్రమ ఉంది. శాలువా లేదు, షామియానా లేదు. ముందు ప్రశ్న వేశారు, జవాబు వచ్చేదాకా ఆగారు, జవాబు వచ్చాక అందరికీ పంచారు. పరిశోధన అంటే అది. సేవ అన్నా అదే.

ఇప్పుడు పసిబిడ్డల దగ్గరికి వస్తాను.

పుట్టుకతో థైరాయిడ్ లేని బిడ్డ, పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. కడుపులో ఉన్నంతకాలం తల్లి థైరాక్సిన్ కొంత అందుతుంది కాబట్టి. చూసి కనిపెట్టడం పెద్ద డాక్టర్లకు కూడా కష్టం. మా అక్క మనవరాలిలాగా "బుద్ధిమంతురాలు" అనిపించుకుంటుంది. కానీ మొదటి వారాల్లో మెదడు ఎదగడానికి ఆ హార్మోను కావాలి. రెండు వారాల లోపు మాత్ర మొదలుపెడితే దాదాపు అందరు పిల్లల్లాగే పెరుగుతుంది, చదువుతుంది. నెలలు గడిస్తే పోయిన తెలివి ఏ మందుతోనూ తిరిగిరాదు. ఆ మాత్రను నూరి కొంచెం తల్లిపాలలో కలిపి ఇవ్వడమే వైద్యం. రోజు ఖర్చు మనం బస్టాండులో తాగే టీ కన్నా తక్కువ.

పరీక్ష కూడా అంతే సులువు. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ మీద చిన్న పోటు పొడిచి, ఒక ప్రత్యేకమైన కాగితం మీద నాలుగు రక్తపు చుక్కలు ఆరబెట్టడం. ఆ కాగితాన్ని కవరులో పెట్టి పెద్ద ల్యాబుకు పంపొచ్చు. అమెరికాలో రాబర్ట్ గత్రీ అనే ఆయన 1960లలో ఈ కాగితం పద్ధతి తెచ్చారు, 1970ల మొదట్లో కెనడాలోని క్విబెక్‌లో జాన్ దుస్సో దాన్నే థైరాయిడ్‌కు వాడారు. పుట్టిన వెంటనే తీయకూడదు, ఎందుకంటే మొదటి గంటల్లో ఏ బిడ్డకైనా టీఎస్‌హెచ్ ఎగిరిపడుతుంది. తల్లిని త్వరగా ఇంటికి పంపేచోట బొడ్డుతాడు రక్తంతోనూ చేయొచ్చు. బిడ్డకు నొప్పి కూడా ఉండదు.

"అంత అరుదైన జబ్బు మన ఊళ్ళో ఎక్కడుంటుంది?" అని అడుగుతారు. హైదరాబాదులోని నాలుగు సర్కారు ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. 1,700 మందిలో ఒకరికి ఈ జబ్బు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదు, చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో లక్షమందికి పైగా శిశువులను పరీక్షిస్తే 1,130 మందిలో ఒకరు. పాశ్చాత్య దేశాల్లో మొదట్లో మూడు నాలుగు వేలకు ఒకరు అని లెక్క ఉండేది. మన దగ్గర అంతకన్నా ఎక్కువ. ఇది అరుదా? మన తాలూకాలో ఏడాదికి ఎన్ని వేల కాన్పులు జరుగుతాయో మీరే ఆలోచించండి. ఆ బిడ్డలు ఎక్కడో లేరు. ఇక్కడే, బడిలో వెనక బెంచీలో, "మొద్దు" అనిపించుకుంటూ ఉన్నారు.

గోవా 2008లోనే రాష్ట్రమంతా నవజాత శిశువులకు ఇలాంటి పరీక్షలు మొదలుపెట్టింది. మన పక్క రాష్ట్రమే. కేంద్రం 2013లో పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం పెట్టి 30 రకాల సమస్యల జాబితా ఇచ్చింది. అందులో ఈ జబ్బు ఉంది. పక్కన "ఐచ్ఛికం" అని రాసి ఉంది. అంటే ఇష్టమైతే చేయొచ్చు. ఎవరి ఇష్టం? నోరు లేని బిడ్డ ఇష్టమా?

1968లో విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు వైద్యులు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఒక పుస్తకం రాశారు. జబ్బు లక్షణాలు లేనివాళ్ళను పిలిచి పరీక్ష చేయాలంటే ఏమేం ఉండాలో అందులో చెప్పారు. జబ్బు తీవ్రమైనది కావాలి. ముందుగా కనిపెడితే లాభం ఉండాలి. నమ్మదగిన పరీక్ష ఉండాలి. ఒప్పుకున్న వైద్యం ఉండాలి. ఎవరికి వైద్యం చేయాలో ముందే తేలి ఉండాలి. ఈ ఐదూ పసిబిడ్డ విషయంలో పూర్తిగా సరిపోతాయి. మన శిబిరం విషయంలో రెండోది, ఐదోది దగ్గరే ఆగిపోతాం.

పసిబిడ్డల పరీక్షలోనూ తప్పు పాజిటివ్‌లు వస్తాయి కదా అని మన డిగ్రీ కాలేజీ మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. వస్తాయి. కానీ అక్కడ పద్ధతి ఉంది. అంకె ఎక్కువ వస్తే వెంటనే బిడ్డను పిలిచి నరం నుంచి రక్తం తీసి టీఎస్‌హెచ్, టీ4 చూసి నిర్ధారిస్తారు. పొరపాటున పిలిస్తే నష్టం రెండు రోజుల ఆందోళన. పిలవకపోతే నష్టం ఒక జీవితం. తూకం వేసి చూడండి.

"ఇదంతా ప్రభుత్వం చేయాలి, సంఘం పని కాదు" అన్నారు ఇంకో పెద్దాయన. నిజమే, ప్రభుత్వమే చేయాలి. ఎయిమ్స్ కావాలని రాయచూరులో 2022 మే నుంచి ధర్నాకు కూర్చున్నవాళ్ళను అడగండి, ప్రభుత్వం చేయాల్సింది ఎంత త్వరగా చేస్తుందో. అడుగుదాం, అడుగుతూనే ఉందాం. కానీ అది వచ్చేదాకా కాన్పులు ఆగవు కదా. పైగా ఈ పరీక్షలో కష్టమైన భాగం ల్యాబు కాదు. రిపోర్టు వచ్చాక బిడ్డను వెతికి పట్టుకోవడం. తల్లి పుట్టింట్లో ఉంటుంది, ఫోన్ నంబరు మామగారిది ఉంటుంది, ఊరు ఒకటి రాస్తే ఉండేది ఇంకో క్యాంపులో. రెండు వారాల గడువు అక్కడే జారిపోతుంది. మనకు ల్యాబు నడపడం రాదు. కానీ పెళ్ళికి రెండు రోజుల్లో వెయ్యిమందిని పోగేయడం మనకు వచ్చు. ఏ ఇల్లు ఏ సందులో ఉందో మనకు తెలుసు. ఆ విద్య ఇక్కడ వాడదాం.

కాబట్టి కమిటీకి నా నాలుగు కోరికలు:

ఒకటి. వార్షికోత్సవ శిబిరంలో అందరికీ థైరాయిడ్ పరీక్ష తీసేయండి. ముప్పై దాటినవాళ్ళకు బీపీ, షుగర్ చూడండి, ఎక్కువ వచ్చినవాళ్ళను నెల తర్వాత మళ్ళీ పిలిచే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి. మళ్ళీ పిలవలేని పరీక్ష చేయకండి.

రెండు. మన సంఘం కుటుంబాల్లో గర్భిణుల పేర్లు, తాయి కార్డు చూసి కాన్పు తేదీలు రాసిపెట్టుకుందాం. ప్రతి ఇంటికీ ఒక్క మాట నేర్పుదాం: కాన్పు ఎక్కడ జరిగినా ఇంటికి వచ్చేముందు డాక్టరును "బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా? ఫలితం ఎప్పుడు వస్తుంది?" అని అడగాలి.

మూడు. శిబిరంలో మిగిలే డబ్బుతో ఒక చిన్న నిధి పెడదాం. ఆ పరీక్షకు డబ్బులేని ఏ బిడ్డకైనా, మన సంఘం బిడ్డ అయినా కాకపోయినా, మన భాష మాట్లాడినా మాట్లాడకపోయినా, ఆ నిధి నుంచి ఇద్దాం. మళ్ళీ పిలవాల్సి వస్తే ఫోన్, బండి మనవి. నా బండి తాళం ఈరోజే ఇస్తాను. అలాంటి బిడ్డకు మొదటి ఏడాది మాత్రలు నా షాపు నుంచి ఉచితం. ఇది అందరిముందూ రాసి ఇస్తున్న మాట.

నాలుగు. ఊళ్ళోని సర్కారు ఆస్పత్రిలో, లింగసుగూరు తాలూకా ఆస్పత్రిలో ప్రతి కాన్పుకూ ఈ పరీక్ష చేయాలని తాలూకా, జిల్లా ఆరోగ్యాధికారులకు, రాయచూరు రిమ్స్‌కు వినతిపత్రం ఇద్దాం. మనం ఒక్కరమే కాదు, ఊళ్ళో ఉన్న అన్ని సంఘాలనూ కలుపుకుందాం. మొహర్రంలో అలాయి చుట్టూ కులం, మతం చూడకుండా కలిసి ఆడే ఊరు ఇది. ఒక చుక్క రక్తం కోసం కలవలేమా?

నా మీద కోపం వచ్చినవాళ్ళు తిట్టండి, పడతాను. కానీ వచ్చే సమావేశంలో ఈ నాలుగు కోరికల మీద చేతులెత్తించండి. మైకు బాగుచేయించి పెట్టండి.

మా అక్క ఆరోజు అడిగిన ప్రశ్న ఇంకో అక్క ఎవరూ ముదగల్‌లో అడగకూడదు. నాకు కావాల్సింది అంతే.

ఇట్లు,
మీ మందుల షాపు మనిషి,
ముదగల్